గుమ్మడికాయ లాంతరు ఎడమ కన్ను

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఈ మాట అందరూ అంటారని తెలుసు, కానీ నా సంగతి కొంచెం వేరు. నేను ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఏ పరీక్ష ఎవరు చేశారు, ఎన్ని గంటలకు చేశారు, సంతకం ఎక్కడ అని అడగడమే నా ఉద్యోగం. పైగా ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే కుటుంబం మాది. దేవుడితోనే సరిపోతుంది, దయ్యాల జోలికి పోయే తీరిక నాకెక్కడిది.

కాబట్టి కిందటి అక్టోబరులో జరిగినదాన్ని కథలా కాకుండా, ఆఫీసులో రిపోర్టు రాసినట్టే రాస్తున్నాను. ఎక్కడైనా నేను పొరపాటు పడి ఉంటే చదివినవాళ్లే పట్టుకోవచ్చు.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో. నాకొక పిచ్చి ఉంది. ఇక్కడ అక్టోబరు చివర వచ్చే హాలోవీన్ పండగకు కట్టే పాత అలంకరణలు కొంటాను, అమ్ముతాను. ఇప్పటి ప్లాస్టిక్ అస్థిపంజరాలు కాదు. డెబ్భై ఎనభై ఏళ్ల కిందటి అట్ట పిల్లులు, కాగితపు గబ్బిలాలు, కాగితం గుజ్జుతో అచ్చుపోసిన గుమ్మడికాయ లాంతర్లు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టెలకు పెట్టెలు ఆన్‌లైన్ వేలంలో పెడతారు. ఆ చెత్తలోంచి మంచి ముక్క ఏరితే నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాలకొల్లు చేపల మార్కెట్లో తాజా పండుగొప్ప దొరికినప్పుడు మా అమ్మ మొహం అలాగే ఉండేది.

చర్చిలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మావాళ్ల లెక్కలో హాలోవీన్ సాతాను పండగ. ఆ సాయంత్రం పిల్లలందరినీ చర్చి హాల్లో కూర్చోబెట్టి పాటలు పాడించి చాక్లెట్లు పంచుతారు. పంచేవాళ్లలో నేనూ ఉంటాను. మా ఇంటి అలమరలో మాత్రం ఖాళీ బియ్యం సంచుల్లో మంత్రగత్తెల బొమ్మలు మూటగట్టి ఉంటాయి. మా ఆయన స్టీఫెన్ వాటిని “నీ రెండో సంఘం” అంటాడు.

ఆ లాంతరు వర్జీనియా నుంచి వచ్చిన ఒక పెట్టెలో దొరికింది. కేకు గిన్నెలు, పాత క్రిస్మస్ బల్బుల కింద ఉంది. నారింజ రంగు గుమ్మడికాయ మొహం, నోట్లో నాలుగు పళ్లు. ఇలాంటి లాంతర్లకు కళ్ల వెనక, నోటి వెనక రంగులు అచ్చువేసిన పల్చటి కాగితం అతికించి ఉంటుంది. లోపల కొవ్వొత్తి వెలిగిస్తే కళ్లు మెరుస్తాయి. ఆ కాగితం చిరగకుండా మిగిలిందంటే లాంతరు విలువే మారిపోతుంది. ఎందుకంటే కొవ్వొత్తికి ముందు కాలేది అదే.

నేను వస్తువును చూసే పద్ధతి ఒకటుంది. ముందు పగటి వెలుగులో చూస్తాను, తర్వాత భూతద్దంతో చూస్తాను, ఆ తర్వాత గది చీకటి చేసి బ్లాక్ లైట్, అంటే అతినీలలోహిత కాంతి, టార్చి వేస్తాను. ఈమధ్య కాలపు కాగితమైతే ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది, పాత కాగితం మెరవదు. ఈ లాంతరులో కళ్ల కాగితం రెండువైపులా నిక్షేపంగా ఉంది. ఎక్కడా అతుకు లేదు, ఎక్కడా మెరవలేదు. లోపల పాత మసి, కాగితం అంచుల మీదుగా తేడా లేకుండా పరుచుకుని ఉంది. లోపాలు రెండే. కుడి కంటి పైన నెలవంకలాంటి సొట్ట. పట్టుకునే తీగ ఎప్పుడో తెగితే, ఒక చివర మూడు ముళ్లు వేశారు.

పద్నాలుగు ఫొటోలు తీశాను. అడుగుతున్న ధరలు కాకుండా నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూసి వెల కట్టాను. “మరమ్మతులు లేవు” అని రాసి అమ్మకానికి పెట్టాను.

రెండో రోజు డోరతీ అనే ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది. “ఎడమ కంటికి నీలం పూల గోడకాగితంతో అతుకు వేసి ఉందా? దాని మీద వేలు పెట్టి రుద్దితే చిన్న గింజలాంటిది తగులుతుందా?” అని అడిగింది. లేదని జవాబిచ్చాను. ఫోన్ చేయవచ్చా అంది.

ఫోన్‌లో గొంతు విని డెబ్భై దాటి ఉంటాయనుకున్నాను. తమ్ముడు వాల్టర్‌కు ఆరేళ్లప్పుడు లాంతరులో కొవ్వొత్తి ఒరిగి ఎడమ కన్ను కాలిపోయిందట. పిల్లవాడి ఏడుపు ఆగకపోతే, వంటింటి గోడకు వేయగా మిగిలిన కాగితం కత్తిరించి వాళ్లమ్మ అతుకు వేసిందట. అతుకు కింద చిన్న బుడిపె మిగిలింది. అది గుమ్మడి గింజ అని, ఏదో ఒక రోజు మొలకెత్తుతుందని వాల్టర్ నమ్మకం. అక్టోబరు వస్తే చాలు, బొటనవేలితో దాన్ని తడుముతూ కూర్చునేవాడట. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేయిస్తున్నప్పుడు లాంతరు ఎవరి పెట్టెలోకో వెళ్లిపోయింది. అప్పటినుంచి ఏటా అమ్మేవాళ్లందరినీ డోరతీ ఇదే ప్రశ్న అడుగుతోంది.

ఇప్పుడు వాల్టర్‌కు పక్షవాతం. మాట దాదాపు పోయింది. ఇంటికి తీసుకెళ్లిపొమ్మని డాక్టర్లు చెప్పేశారు.

“కుడిచేతి బొటనవేలు మాత్రం ఆగదమ్మా. దుప్పటి మీద అలా రుద్దుతూనే ఉంటాడు. దేన్ని వెతుకుతున్నాడో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు” అంది.

ఇది మీ లాంతరు కాదండీ, దీనికి అతుకు లేదు అని మళ్లీ చెప్పాను. “సరేలే. ఒక్కసారి వాడి చేతికి ఇస్తావా? గుర్తుపట్టకపోయినా పరవాలేదు” అంది. ఆదివారం చర్చి అయ్యాక తెస్తానన్నాను. అమ్మకం ప్రకటన తీసేశాను.

శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. లాంతరు వంటింటి గట్టు మీదే ఉంది. చెప్పిన సమయానికి పావుగంట ముందే బెల్ మోగింది. నేను దాన్ని తీసి ఓవెన్‌లో, కింది అరలో, పెద్ద బిర్యానీ గిన్నె వెనక దాచేశాను. మన ఇళ్లలో ఓవెన్ అంటే మూకుళ్లు, పెనాలు పెట్టుకునే అలమరే కదా. మా ఇంట్లో అది వేడెక్కి రెండేళ్లయింది.

ఎగ్ పఫ్స్ తెచ్చిన కరుణక్క ఆ సంగతి తెలిసిన మనిషే. పై అరలో మూకుళ్లన్నీ జాగ్రత్తగా తీసి గట్టు మీద పెట్టింది. కింది అరలో గిన్నె బరువని కదపలేదు, దాని వెనక చూడలేదు. ఓవెన్ ఆన్ చేసి వచ్చి ప్రార్థనలో కూర్చుంది.

ముగింపు ప్రార్థనలో ఉండగా స్మోక్ అలారం మోగింది. అందరికంటే ముందు కరుణక్క వెళ్లి ఓవెన్ తలుపు తీసింది. గిన్నె పక్కనుంచి పళ్లు బయటపెట్టిన మొహం ఆవిడ వంక చూస్తోంది. ఆవిడ అరవలేదు. “యేసయ్యా” అని మెల్లగా అనుకుంటూ నేల మీద కూర్చుండిపోయింది.

“ప్రసన్నా, ఓవెన్‌లో అదేంటమ్మా, నన్నే చూస్తంది” అంది.

చేతిగుడ్డతో బయటికి తీశాను. గుజ్జుకు ఏమీ కాలేదు. కుడి కన్ను బాగుంది, నోరు బాగుంది. ఎడమ కంటి కాగితం మాత్రం నల్లబడి, మధ్యలో బొటనవేలు పట్టేంత కన్నం పడింది. రెండు కళ్లకూ వేడి ఒకేలా తగలాలి. ఒక్క కన్నే ఎందుకు కాలిందో నాకు తెలియదు.

ఇల్లంతా జనం. పాస్టర్ గారు వచ్చి నిలబడ్డారు. “ఇది ఎవరిదమ్మా?” అని అడిగారు. అబద్ధం చెప్పే ఓపిక లేదు నాకు. “చావు బతుకుల్లో ఉన్న ఒక పెద్దాయన కోసమండి. రేపు తీసుకెళ్తానని మాటిచ్చాను. ఇప్పుడు తగలబెట్టుకున్నాను” అని ఏడ్చేశాను.

ఆయన కాసేపు ఆ గుమ్మడికాయ వంక చూశారు. తర్వాత ఆ పెద్దాయన పేరు అడిగారు. గట్టు మీద ఆ మొహం అలా నవ్వుతుండగానే అందరం వాల్టర్ కోసం ప్రార్థన చేశాం. మా సంఘం గురించి నేను అనుకున్నది తప్పని ఆరోజు తెలిసింది.

డోరతీకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. “ఏ కన్ను?” అంది. ఎడమది అన్నాను. “తీసుకురా” అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి భోజనంలో నా వాటా డబ్బాలో సర్దుకుని తూర్పుగా గంటంబావు డ్రైవ్ చేశాను. పొగాకు పొలాల మధ్య చిన్న ఊరు. ముందు గదిలో మంచం, మంచం మీద వాల్టర్. కళ్లు మూసి ఉన్నాయి. బొటనవేలు దుప్పటి మీద కదులుతూనే ఉంది.

వంటింట్లో డోరతీ తన తల్లి వాడిన కుట్టుసామాను డబ్బా తెరిచింది. అడుగున పరిచి ఉన్నది నీలం పూల గోడకాగితం. “ఇంక దాచి ఏం చేసుకోను” అంటూ నా చేతికి కత్తెర ఇచ్చింది. బల్ల సొరుగులో జిగురు ఎండిపోయి ఉంది. అయినా పాత కాగితానికి కొత్త జిగుర్లు వాడకూడదు. కారులో భోజనం డబ్బా ఉంది కదా అని వెళ్లి, కూర తగలని అన్నం నాలుగు మెతుకులు తెచ్చాను. చిన్నప్పుడు మేం పుస్తకాల అట్టలు అతికించుకున్నది, గాలిపటాలు చేసుకున్నది మెతుకులతోనే. సాసర్‌లో వేలితో మెదిపి, కాగితం ముక్క కత్తిరించాను. ఒక మూల తుప్పు మరక ఉంటే ఆ మూల ఏటవాలుగా తీసేశాను. లాంతరు లోపలినుంచి అతికించి ఊదుతూ ఆరబెట్టాను.

డోరతీ లాంతరును వాల్టర్ పొట్టమీద పెట్టి, అతని చేయి పట్టుకుని బొటనవేలు ఎడమ కంటి మీద ఆనించింది. వేలు ఒకసారి రుద్దింది, రెండోసారి రుద్దింది, ఆగింది. కళ్లు తెరిచాడు.

“గింజ” అన్నాడు.

డోరతీ వంగి తన వేలితో తడిమింది. వెంటనే కుర్చీలో కూలబడి మొహం కప్పుకుంది. నేనూ తడిమాను. అతుకు కింద సన్నటి బుడిపె ఉంది. సరిగా మెదగని మెతుకు. నేను కావాలని ఉంచింది కాదు. వాల్టర్ నా వంక చూసి స్పష్టంగా, “బాగా అతికించావు” అన్నాడు. నన్ను చూసి అమ్మ అనుకున్నాడంది డోరతీ. వంటింటి తలుపు తెరిచే ఉంది కాబట్టి మా మాటలు విని ఉండవచ్చు. అది కూడా రాసి ఉంచుతున్నాను.

అప్పుడు డోరతీ లోపలికి వెళ్లి ఒక పాత నలుపు తెలుపు ఫొటో తెచ్చింది. వరండా మెట్ల మీద ఆరేళ్ల పిల్లవాడు, ఒళ్లో లాంతరు. నా సంచిలో భూతద్దం ఎప్పుడూ ఉంటుంది. ఫొటోలో లాంతరుకు కుడి కంటి పైన నెలవంక సొట్ట. తీగ చివర మూడు ముళ్లు. ఎడమ కంటి వెనక పూల కాగితం. ఆ కాగితానికి ఒక మూల ఏటవాలుగా కత్తిరించి ఉంది.

మంచం మీది లాంతరు చూశాను. అదే మూల.

ఫోన్ తీసి నేను అమ్మకానికి పెట్టిన ఫొటోలు చూపించాను. డోరతీ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. వాటిలో అదే సొట్ట, అవే ముళ్లు. ఎడమ కన్ను మాత్రం చెక్కుచెదరని పాత కాగితంతో, ఎప్పుడూ కాలనట్టు ఉంది.

పిల్లవాడి ఫొటోనూ, వాల్టర్ చేతికింది లాంతరునూ నా ఫోన్‌లో ఫొటో తీసుకుని, లాంతరు అక్కడే వదిలేసి వచ్చాను. ధర మాట ఎవరం ఎత్తలేదు. బుధవారం పొద్దున వాల్టర్ పోయాడు. ఆ మూడు రోజులూ దుప్పటి మీద వేలు కదలలేదని డోరతీ చెప్పింది. అతుకు మీద ఆనించి ఉంచాడట.

మధ్యలో ఎవరో ఇంకో పాత లాంతరు నుంచి కాగితం తీసి దీనికి వేసి ఉంటారని స్టీఫెన్ అంటాడు. కావచ్చు. సేకరించేవాళ్లు అలాంటివి చేస్తారు. కానీ మసి అలా పరుచుకోదు. పోనీ అదీ ఒప్పుకుందాం. మళ్లీ అదే కన్ను కాలడం, అదే మూల నేను కత్తిరించడం, మెతుకు మిగలడం? డోరతీ వాళ్లమ్మ గోధుమపిండి జిగురు వాడేదట. ఆ బుడిపె ఎక్కడిదో ఆవిడకూ ఎప్పుడూ తెలియలేదట.

నా దగ్గర ఇప్పుడు మూడు ఫొటోలున్నాయి. పిల్లవాడి ఒళ్లోది, నేను అమ్మకానికి తీసింది, వాల్టర్ చేతికింద ఉన్నది. మొదటిదీ మూడోదీ ఒకటే. రెండోది ఉండటానికి వీల్లేదు, కానీ అది తీసింది నేనే. మా ఆఫీసులో ఇలాంటి రిపోర్టు వస్తే కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉందని తిప్పి పంపిస్తాను. అందుకే దీన్ని ఇన్నాళ్లూ ఎవరికీ పంపలేదు. అన్నం వండినప్పుడల్లా ఒక మెతుకు వేళ్ల మధ్య పెట్టి మెదిపి చూస్తుంటాను. ఆ గడిలో ఏం రాయాలో ఇప్పటికీ తెలియదు.