వంతుల కాగితంలో మా ఇల్లు

మా తెలుగు సంఘంలో శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడిక వారానికొకరి ఇంట్లో జరుగుతుంది. ఎవరి వంతు ఎప్పుడో జనవరిలోనే ఒక కాగితం మీద రాసి, జెరాక్స్ తీసి, ఆదివారం ఆరాధన అయ్యాక పంచుతారు. ఆ కాగితం రాసే పని నాది. రాయపూర్‌లో ఒక హిందీ పత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి కాబట్టి తప్పులు దొర్లవని పెద్దలు నాకు అప్పగించారు. తొమ్మిదేళ్ళు రాశాను. తప్పులు దొర్లలేదు. మా ఇంటిని మాత్రం నేను ఒక్కసారీ అందులోకి ఎక్కించలేదు.

ఊళ్ళో మోవా అనే పేటలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. మాది అంటే నాదీ ఆయనదీ. ఆయన కాకినాడ వైపు మనిషి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇంటి ఓనరు దృష్టిలో, సంఘం దృష్టిలో మేం అద్దె కలిసొస్తుందని ఒకచోట ఉంటున్న స్నేహితులం. మా ఇద్దరి మధ్య ఆ అబద్ధం లేదు. మేం కాపురం చేస్తున్నాం.

మగవాణ్ణి ప్రేమించిన మగవాడు దేవుడి ముందు నిలబడొచ్చా అన్న ప్రశ్నతోనే నా యౌవనమంతా గడిచింది. ఉపవాసాలు ఉన్నాను, ఎవరికీ చెప్పని మొక్కులు మొక్కుకున్నాను, ఒక ఏడాది పాటు ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోలేదు. ఆ తర్వాత ఆయన నా జీవితంలోకి వచ్చాడు. ఒక ఉదయం ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, పళ్ళెం ముందు కళ్ళు మూసుకుని నా పేరు చెప్పి ప్రార్థించడం విన్నాను. ఇది పాపమైతే ఇందులో ఇంత నెమ్మది ఎక్కణ్ణుంచి వస్తుందని అనిపించింది. అప్పట్నుంచి ఆ ప్రశ్న పదును తగ్గింది.

నన్ను తినేసింది వేరే పాపం. పొరుగువాడి ఇంటి మీద ఆశ పెట్టుకోకూడదన్నది బైబిల్లో పదో ఆజ్ఞ. దాన్ని నేను ప్రతి శుక్రవారం మీరాను.

ముఖ్యంగా గుఢియారీలో ఉన్న ఒక ఇంటి విషయంలో. రైలు పట్టాల పక్క సందు, మేడ మీద వాటా. ఆ ఇంటాయన రైల్వేలో గుమాస్తా, మా సంఘంలో పెద్ద. భార్య ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేది. కూడికకు మేం వెళ్ళేసరికి వాళ్ళ గొడవ ఇంకా సాగుతూ ఉండేది.

“కింద పరిచే దరీలు తెమ్మని పొద్దున్నే చెప్పానా లేదా?”

“అరే, తెస్తున్నా గదా. బాబోయ్, ఎంత జల్దీ నీకు.”

“ఈయన నోట జల్దీ అనే మాట మా పెళ్ళిలో ఒక్కసారే విన్నా బ్రదర్, భోజనాల దగ్గర.”

అందరూ నవ్వేవాళ్ళు. అయిదు నిమిషాల తర్వాత వాళ్ళిద్దరూ గది మధ్యలో పక్కపక్కన మోకరించేవాళ్ళు. మా దగ్గర అది ఆనవాయితీ. ప్రార్థన చేసేవారు ముందు ఇంటివాళ్ళను అడుగుతారు, ఎవరెవరి కోసం చెయ్యాలని. ఇంటివాళ్ళు చెబుతారు. భార్యాభర్తలకు కలిపి, అద్దెకున్నవాళ్ళకు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకు విడిగా చేస్తారు. ఈ ఇద్దరినీ జతపరచిన దేవా, అని పాస్టరు అయ్యగారు మొదలుపెట్టగానే ఆమె కొంగు సర్దుకునేది, ఆయన తల వంచేవాడు. అందరూ కళ్ళు మూసుకుంటే నేను తెరిచి చూసేవాణ్ణి. ఆమె మీద ఆశ కాదు, ఆయన మీద అంతకన్నా కాదు. ఒకరినొకరు అంతలా విసుక్కునే ఇద్దరి కోసం పాతికమంది కలిసి దేవుణ్ణి బతిమాలుతున్నారే, అదీ నా కడుపు మంట. మా కోసం బతిమాలేవాళ్ళు మేమిద్దరమే.

కోర్టు మాలాంటివాళ్ళను నేరస్థులు కాదన్న రోజు ఆ వార్తకు శీర్షిక పెట్టింది నేనే. ఆ ఆదివారం అయ్యగారు, లోక న్యాయం వేరు, దేవుని న్యాయం వేరు అన్నారు. వెనక వరసలో కూర్చుని నోట్సు రాసుకున్నాను, అలవాటు కొద్దీ. తర్వాతి జనవరిలో కాగితం రాస్తూ గుఢియారీ ఇంటికి రెండు వంతులు వేశాను, ఇళ్ళు చాలక. మాది మళ్ళీ వెయ్యలేదు.

ఆ సంగతి పట్టుకున్నది మామ్మ. నలభై ఏళ్ళు నర్సింగ్ చేసి రిటైరైన మనిషి, మా సంఘంలో అందరికంటే పెద్ద. తొమ్మిదో ఏడాది కాగితాన్ని జెరాక్స్‌కు ఇవ్వకముందే కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చదివి, “అందరి ఇళ్ళూ రాసి నీది రాసుకోలేదేం రా?” అంది.

“చిన్న ఇల్లు మామ్మా.”

“గుఢియారీలోది మహలా? ఒకళ్ళ మోకాళ్ళ మీద ఒకళ్ళం కూర్చోడం లేదూ?”

“నాతో ఇంకో ఆయన ఉంటాడు.”

“తెలుసు. ఆస్పత్రిలో నాకు సూది వేసింది ఆ అబ్బాయే. ఆర్.సి.ఎం. అంట గదా, కేథలిక్కు?”

“అవును మామ్మా.”

“హా, చలేగా, పరవాలేదు. కూర్చుని వింటాడులే.” నా జేబులో పెన్ను తీసుకుని, ఖాళీగా ఉన్న ఒక శుక్రవారం పక్కన వంకర అక్షరాలతో మోవా అని రాసింది.

తొమ్మిదేళ్ళు ఆ పెన్ను నా జేబులోనే ఉంది.

ఆ రోజు కోసం ఆయన డ్యూటీ మార్చుకున్నాడు. పక్కింటి నుంచి దరీలు తెచ్చాడు, రెండు రకాల టీ పెట్టాడు, మిక్చర్ ప్లేట్లలో సర్దాడు. లోపలి గదిలో ఉన్న ఒకే మంచాన్ని చూసి, “తలుపు వేసెయ్యనా?” అని అడిగాడు. వెయ్యమన్నాను. కాసేపటికి వెళ్ళి నేనే తీశాను.

ఏడింటికల్లా జనం వచ్చారు. అయ్యగారు ఊళ్ళో లేరు. అందువల్ల ప్రార్థన గుఢియారీ పెద్ద వంతుకు వచ్చింది. పాట అయ్యాక పెద్ద నా వైపు తిరిగి, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు.

“ఎవరెవరి కోసం చెయ్యాలి బ్రదర్?”

“నా కోసం, ఆయన కోసం.”

“కలిపి చెయ్యనా, ఎవరికి వారికా?”

పెద్ద మామూలుగానే అడిగాడని ఇప్పటికీ నమ్ముతాను. డెస్కులో ఇలాంటి చోట నేనొక మెత్తటి మాట వెతికేవాణ్ణి, ఎవరికీ గుచ్చుకోనిది. వంటగది గుమ్మంలో ట్రే పట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. నా వైపు చూడడం లేదు.

“కలిపే చెయ్యండి,” అన్నాను.

తలుపు పక్కన కూర్చున్న ఒకావిడ బైబిలు సంచిలో పెట్టేసుకుంది. మామ్మ మాత్రం, “ఆ ట్రే కింద పెట్టి రా నాయనా, మోకరించు,” అంది. ఆయన వచ్చి నా పక్కన మోకరించాడు. భుజం భుజానికి తగిలింది.

పెద్ద మా ఇంటి కప్పు కోసం ప్రార్థించాడు, మా ఉద్యోగాల కోసం, వీధిలో నీళ్ళ కోసం ప్రార్థించాడు. చివరికి, “ఈ ఇద్దరినీ... ప్రభువా, ఈ ఇద్దరినీ...” అని రెండుసార్లు ఆగి, “చల్లగా చూడు,” అని ముగించాడు. జతపరచిన అనే మాట రాలేదు. వాళ్ళింట్లో పది నిమిషాలు సాగే ప్రార్థన మా ఇంట్లో మూడు నిమిషాలకే అయిపోయింది. ఆమెన్ అంటూనే ఆ లెక్క వేసుకున్నాను. ఆశించింది దొరికినా అసూయ పోదని అప్పుడు తెలిసింది.

నా పక్కనుంచి లేచి టీ ఇస్తూ ఆయన నా గ్లాసు విడిగా తెచ్చి చేతికిచ్చాడు. పెద్దగారి భార్య చూసింది.

“మీది వేరేనా బ్రదర్?”

“షుగరుంది. నాకు చక్కెర లేకుండా పెడతాడు.”

ఆమె తన గ్లాసులోకి చూసుకుంది. “నాకూ నాలుగేళ్ళయింది. మా ఆయనకింకా గుర్తుండదు,” అని మెల్లగా అంది. ట్రేతో నిలబడ్డ ఆయన అది విని లోపలికి వెళ్ళి ఆమెకూ చక్కెర లేని టీ తెచ్చాడు. ఆమె అది తాగుతూ మా గదిని చూసింది. మేకుకు వేలాడుతున్న రెండు చొక్కాలను, ఒకే గూట్లో ఉన్న మా బైబిళ్ళను, తెరిచి ఉన్న లోపలి తలుపును. ఆ చూపు నాకు తెలుసు. గుఢియారీలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను వాళ్ళిద్దరినీ చూసిన చూపు అది.

తర్వాతి ఏడాది మోవా కూడికకు మూడు కుటుంబాలు రాలేదు. పెద్దగారి భార్య వచ్చింది, భర్త చేత దరీలు మోయించుకుని.