ఆకుపచ్చ జంటకు నీలిపిల్ల

కిందటి మంగళవారం మా పాప కళ్ళద్దాలు మార్పించడానికి కాకినాడ వెళ్ళాను. అద్దాల షాపులో ఉండగా మా ఆయన ఫోన్ చేసి, నాన్న పోయారని చెప్పారు. కడియంలో, మా నర్సరీలోనే, గులాబీ మొక్కలకు నీళ్ళు పెడుతూ కూలబడిపోయారట. పోయినాయన నాకు మామగారు. అంతకన్నా ముందు మేనమామ, మా అమ్మకు స్వయానా అన్నయ్య.

ఆయన అంటు కట్టిన మొక్క బతక్కపోవడం అరుదు. "కంటితో చూసిందే చెప్పు, అనుకున్నది చెప్పకు" అని కూలీలతోనూ నాతోనూ అనేవారు. ఆ మాట మీదే బతికారు. ఆ మాట దాటిన ఒక్కసారే దెబ్బ తిన్నారు.

మావయ్యకున్న ఒకే సరదా లవ్ బర్డ్స్ పెంచడం. నా పెళ్ళైన ఏడాది, కాకినాడలో జువాలజీ చెప్పే ఒక మాస్టారి దగ్గర ఆకుపచ్చ జంటను కొన్నారు. రెండూ ఒకే గూటి పిల్లలు. వాటికి పుట్టిన నాలుగింటిలో ఒకటి నీలం. మా ఇంట్లో అంతవరకు నీలం పిట్టే లేదు. మాస్టారు కల్తీ జాతి అంటగట్టారని మావయ్య మండిపడ్డారు.

ఒక ఆదివారం మాస్టారే బస్సెక్కి వచ్చారు. నీలం ఆ రెండింటిలోనూ దాగి ఉందని, ఒకే ఇంటివాటిని జత కడితే అలాంటివి బయటపడుతుంటాయని ఓపిగ్గా చెప్పారు. టెంక నాటితే తల్లిచెట్టు కాయ రాదని మీకు తెలియదా అని కూడా అడిగారు. చెట్టు వేరు, ప్రాణి వేరని మావయ్య కొట్టిపారేశారు. నేను కాఫీ తెచ్చేలోపే ఆయన్ని పంపేశారు.

మరుసటి ఏడాది పాప పుట్టింది. ఒళ్ళంతా పాలలా తెలుపు. కనుబొమ్మలూ తెలుపే. కళ్ళు ఒకచోట నిలిచేవి కావు. మా పుట్టింటికి చూడ్డానికి వచ్చినా మా అత్తగారు పాపను ఎత్తుకునేవారు కారు. ఎవరి పోలికని అడిగినవాళ్ళకు, దాన్నే అడగండి అని నన్ను చూపించేవారు. మావయ్య నన్ను ఏమీ అనలేదు, వెనకేసుకునీ రాలేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

మూడో నెలలో అమ్మ నన్ను అత్తారింట్లో దిగబెట్టడానికి వచ్చింది. ఆ రోజు పొద్దున్నే మావయ్య ఎవరికీ చెప్పకుండా మాస్టారి దగ్గరికి వెళ్ళారు. సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా అందరినీ వసారాలోకి పిలిచారు.

"ఈ పిల్లని ఇంకెవరూ ఏమీ అనొద్దు. ఆ తెలుపు నాలో ఉంది, మా చెల్లెల్లో ఉంది. పైకి కనపడలేదంతే. మేనరికం చేసి రెండూ మేమే కలిపాం."

తన పుట్టింటి రక్తంలో రోగముందా అని అమ్మ లేచి నిలబడింది. మావయ్య అక్కడితో ఆగలేదు. తన చిన్నకూతురిని మా తమ్ముడికి ఇవ్వాలన్నది ఎప్పుడో అనుకున్న మాట. వాళ్ళిద్దరికీ ఇష్టమే. ఆ సంబంధం వద్దన్నారు.

"అన్నయ్యకి పుట్టిందని నాకూ పుడుతుందా నాన్నా?" అని అడిగింది ఆ పిల్ల.

"పుట్టకపోవచ్చు. చెప్పలేనమ్మా."

ఏ సంగతైనా ఖాయంగా చెప్పే మనిషి నోట ఆ మాట అంతకు ముందు వినలేదు. ఆమెను రావులపాలెం ఇచ్చారు. తర్వాత పండక్కి పిలిచినా ఏదో వంక చెప్పేది. అమ్మ మళ్ళీ మా గడప తొక్కలేదు. పిట్టల్ని మావయ్య మాస్టారికే ఇచ్చేశారు. ఎండకు ఒళ్ళు కందిపోయే పాపను బడికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం తన నీడ దాని మీద పడేలా ఎండవైపు నడిచేవారు. పదేళ్ళు అలాగే నడిచారు.

ఆ పెళ్ళి ఆపడం సరైనదో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. నా పరువు నిలబెట్టడానికి ఆయన చెల్లెల్ని, కూతుర్ని పోగొట్టుకున్నారని మాత్రం తెలుసు.

బుధవారం పాడె లేచాక నేను గేటు దగ్గర నిలబడ్డాను. సందు చివర ఆటో ఆగి ఉంది. లోపల అమ్మ. దిగలేదు. దారి చాలక మోసేవాళ్ళు ఆటోను ఆనుకుని నడిచారు. అమ్మ చెయ్యి బయటికి చాచింది. వేళ్ళు ఆయన పాదాల దాకా వచ్చి ఆగాయి. పాడె ముందుకు సాగిపోయింది. చాలాసేపు ఆ చెయ్యి అలాగే బయట ఉంది.