మండని నడుము

మా పెళ్లయిన కొత్తలో, రెండువేల సంవత్సరం ప్రాంతంలో, మేం గుంటూరులో ఉండేవాళ్లం. మా ఆయన మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. నేను మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేదాన్ని.

ఆ వేసవిలో బస్తాతో సహా జారిపడ్డాక ఆయన ఒక పక్కకి ఒరిగి నిలబడడం మొదలైంది. "సరిగ్గా నిలబడయ్యా" అంటే, "నిటారుగానే ఉన్నా కదే!" అని కసురుకునేవాడు. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే చాలు, తూలి గోడ పట్టుకునేవాడు. తాగుతున్నాడేమోనని నాకు అనుమానం.

ఒకరోజు నేను పని నుంచి రాగానే, "నడుం చెక్కలా ఉందే, కాస్త నూనె రాయి" అంటూ బోర్లా పడుకున్నాడు. కంగారులో చేతులు కడుక్కోకుండానే రుద్దేశాను. చర్మం ఎర్రగా కందిపోయాక గానీ నా చేతులకున్న మిరప ఘాటు గుర్తు రాలేదు.

"అయ్యో, మంటగా లేదా?" అన్నాను.

"మంటేంటే? నువ్వింకా మొదలెట్టలేదుగా!" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"నరం నలిగిందమ్మా. నడుము ఎటు వంగిందో మెదడుకి కబురు అందడం లేదు. అందుకే ఒరిగినా ఆయనకి తెలియడం లేదు" అన్నారు డాక్టరుగారు. ఆపరేషన్ చేశారు.

ఇప్పటికీ ఆయన నడుముకి నూనె రాస్తాను. ఎంత కడిగినా నా చేతుల ఘాటు పూర్తిగా పోదు. కుడివైపు రుద్దుతుంటే "మంటే బాబూ!" అని తిడతాడు. ఎడమవైపుకి వచ్చేసరికి ఏమీ అనడు. అటు కూడా ఒక్క తిట్టు తిడితే బాగుండునని ఇంకాస్త గట్టిగా రుద్దుతాను.