కుప్ప అడుగు ఉప్పు

"ఒసే, నాను సెప్పింది సెప్పినట్టు రాయి. నీ తెలివి అందులో కలపకు."

"ఏటి రాయమంటావు మామ్మా? ఉపోసాలున్నాను, చర్చి గోడలకి సున్నం కొట్టినాను, పండగకి పాట అందుకున్నాను... అన్నీ ఆదివారాలే! మిగతా ఆరు రోజులూ ఏటయిపోనాయి?"

"ఆరు రోజులు ఎవడిక్కావాలే? సాక్ష్యం సెప్పమన్నారు గానీ సంత కబుర్లు కాదు."

"శాంపిలు అలా తియ్యకూడదు మామ్మా. నీకు నచ్చిన కాడ తీస్తే అది దొంగలెక్క. కళ్లు మూసుకుని, సెయ్యి ఎక్కడ పడితే అక్కడ తియ్యాల. అప్పుడే కుప్ప సంగతి తెలస్తాది."

కుప్ప అన్న మాట నాకు తగిలింది.

మా మనవరాలు శ్రీకాకుళం కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. తెల్లారితే మా చర్చి పండగ. సంఘంలో అందరికన్నా పెద్దదాన్ని గనక లేచి నా బతుకులో దేవుడు చేసిన మేళ్లు చెప్పమని పాస్టరు అయ్యగారు అడిగారు. నాది రెండో తరగతితో ఆగిన చదువు, దానికి తోడు చేతి వణుకు, అందుకని దాని చేత రాయిస్తున్నాను. అది పుస్తకంలో ఉన్న మాటే అంది. నేను మాత్రం అప్పటికే, వయసులో పనిచేసిన నౌపడ ఉప్పు మడుల్లో, మోకాలి దాకా ఎగ్గట్టిన చీరతో నిలబడి ఉన్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఉప్పు కొనేవాడు కుప్ప భుజం మీద నుంచి ఒక్క గుప్పెడు తీసి, ఎండకు పట్టి చూసి, బేరం ఆడేవాడు. అది తెలిసి మేము బురద కలిసిన నల్ల ఉప్పును అడుగున పోసి, పైన తెల్లటిది పరిచేవాళ్లం. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు, కుప్పకు చీర కట్టడం అనేవాళ్లం. ఒకసారి ఉప్పు కొనడానికి ఎవరో కొత్తాయన వచ్చి, చేయి పెట్టకుండా, కొన చెక్కిన వెదురు గొట్టాన్ని అడుగు దాకా దించి లాగాడు. గొట్టంలోంచి బూడిద రంగు ఉప్పు రాలింది. ఆయన తిట్టలేదు, గొట్టం దులుపుకుని పక్క కుప్ప దగ్గరికి వెళ్లిపోయాడు.

నా పక్క మడిలో మా ఆడబడుచు పనిచేసేది. మొగుడు పోయిన మనిషి, మాట తక్కువ. ఒక ఏడాది తుపాను వానకు ఆమె పాక కూలిపోయి, పది రోజులు మా పంచలో తల దాచుకుంటానని తడిసిన మూటతో వచ్చి నిలబడింది. పంచ నిండా నేను వేసవంతా కొట్టి ఎండబెట్టిన పిడకలున్నాయి. అవి బయట పెడితే తడిసిపోతాయన్నాను. ఆమె పిడకల వైపు చూసింది, నా వైపు చూసింది, మూట నెత్తిన పెట్టుకుని వానలోనే వెళ్లిపోయింది. ఆ వారమే ఇటుక బట్టీలకు పోయే జట్టుతో నౌపడ స్టేషన్‌లో రైలెక్కిందట. చనిపోయిందన్న కబురొక్కటే వచ్చింది గానీ, ఏ ఊళ్లో పోయిందో, ఎప్పుడు పోయిందో, మట్టి ఎవరు వేశారో ఈనాటికీ తెలియదు. ఆ పిడకలు మాత్రం ఒక్కటీ తడవలేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మా అమ్మ చెప్పేది. అన్నమైతే ఎసట్లో కిందామీదా తిరుగుతుంది గనక ఆ మాట చెల్లింది. మనిషి బతుకు అలా కలిసిపోదు, ఆదివారం పైన తేలుతుంది, ఆ వాన రోజు అడుగున ఉండిపోతుంది. ఇన్నేళ్లూ మోకరించి ప్రభువుకు నేను చూపించింది కుప్ప భుజం మీది ఉప్పే. ఆయన గొట్టం దించితే ఏ రంగు వస్తుందో నాకు తెలుసు. క్షమాపణ ఉందని అయ్యగారు చెబుతారు, కాదనను. కానీ అడగాల్సిన మనిషి ఏ మట్టిలో ఉందో తెలియనప్పుడు ఎటు తిరిగి అడగను?

ఇప్పుడు నౌపడలో ఉప్పు కుప్పల మీద నీలం పట్టాలు కప్పుతున్నారు, సంచుల్లోకి యంత్రాలు ఎత్తుతున్నాయి. గుప్పెడు తీసి ఎండకు పట్టేవాడు లేడు, కుప్పకు చీర కట్టేవాళ్లూ లేరు. నా కుప్ప ఒక్కటే అలాగే ఉంది.

"కాగితం ఇలాగియ్యే," అన్నాను. మనవరాలు ఇచ్చింది. మడిచి పొయ్యిలో పెట్టాను.

మర్నాడు తెల్లచీర కట్టుకుని వెళ్లాను. అయ్యగారు పిలిస్తే లేచి, పిడకల కోసం ఆడబడుచును వానలోకి పంపినదాన్నని చెప్పాను. అలవాటు కొద్దీ అందరూ స్తోత్రం అన్నారు. వెంటనే పాట అందుకున్నారు. ఆమె పేరేమిటని ఎవరూ అడగలేదు. నేను కూర్చున్నాను.