చెయ్యి మంచిదన్న పేరు

నాందేడ్‌లో మా ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో నర్సులకంటూ ఒక గది ఉంది. నర్సింగ్ పాసైన పిల్లలు వస్తే సర్టిఫికెట్లు చూసి, ఖాళీలున్న ఆసుపత్రికి చీటీ రాసి పంపుతాం. ఒకప్పుడు ఆ గది నిండా మనుషులం ఉండేవాళ్లం. రిటైరైనవాళ్ల కుర్చీలు నింపలేదు, ఉన్నవాళ్లను వేరే శాఖలకు పంపారు. చివరికి నేనూ, నాకంటే బాగా చిన్నదైన ఒకామే మిగిలాం. అప్పుడు ఇంకో ఉత్తర్వు వచ్చింది: అంతా కంప్యూటర్‌లోనే జరుగుతోంది కనుక నర్సుల గదికి ఒక్కరు చాలు, రెండోవాళ్లు ముఖేడ్ తాలూకా ఆఫీసుకు వెళ్లి, అక్కడికొచ్చే కాగితాల మీద ముద్రలు వేసుకోవాలి.

ఆ కుర్చీ నాకు కావాలి. సర్వీసు నాది ఎక్కువ, చదువు నాది ఎక్కువ. కానీ వరస మాత్రం ఆమె బల్ల ముందే ఉండేది.

ఎందుకంటే ఆమె చెయ్యి మంచిదట, ఆమె ఇచ్చిన చీటీతో చేరితే ఉద్యోగం నిలుస్తుందట. డాక్టర్లకు హస్తవాసి అంటగట్టే జనం గుమస్తాను మాత్రం ఎందుకు వదులుతారు? బాబ్లీ నుంచి, నాయ్‌గావ్ నుంచి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే ఆడపిల్లలు వచ్చి నా ఖాళీ బల్లను దాటుకుని అక్కడ నిలబడేవారు. నేను రాసిన చీటీని కూడా ఒకమ్మాయి ఆమె దగ్గరికి తీసుకెళ్లి, మరాఠీవాళ్లు అక్కను పిలిచినట్టు పిలిచింది.

"తాయీ, గిది నీ చేత్తోని ఒక్కసారి ఇయ్యి."

ఆమె నా చీటీ అందుకుని, తూర్పుకు తిరిగి, కుడిచేత్తో ఆ పిల్లకు ఇచ్చి, నా వైపు చూసి నవ్వింది. "ఏం జేద్దు అక్కా, అడిగితె ఇయ్యకుంట ఎట్లుంట?"

మూఢనమ్మకాల మీద సభల్లో వాదించి పెరిగినదాన్ని. అయినా ఆ క్షణం నాకు కోపం వచ్చింది నమ్మకం మీద కాదు. ఆ పిల్ల నమ్మింది నన్ను కానందుకు.

మోసం పట్టుకుందామనే ఆమెను గమనించడం మొదలుపెట్టాను. చీటీ ఇచ్చే ముందు ఆమె ఫోన్‌లో కబుర్లు చెబుతుందని అంతవరకూ అనుకునేదాన్ని. చెవి పెట్టి విన్నాను. అవతల ఉన్నది వార్డు ఇన్‌చార్జి. నైట్ డ్యూటీ అయ్యాక పిల్లలు ఎలా ఇల్లు చేరతారు, హాస్టల్ గదికి గడియ ఉందా, పోయినసారి చేరిన పిల్ల ఎందుకు మానేసింది అని నవ్వుతూనే అడిగేది. జవాబు బాగుంటే చీటీ. బాగాలేకపోతే ఆ పిల్లతో అనేది: "ఇయ్యాల గడియ మంచిగ లేదు బిడ్డా, గురువారం రా." గురువారానికి ఇంకో ఆసుపత్రి వెతికి పెట్టేది. ఫలానా ఆసుపత్రి మంచిది కాదని నోరు జారితే ఆ ఆసుపత్రి మళ్లీ మాకు ఖాళీలు చెప్పదు. గడియ మీదికి నెట్టేస్తే ఎవరూ అడగరు. ఆమె పంపిన పిల్లలు ఉద్యోగాల్లో నిలిచారంటే, ఇదీ కారణం.

ఇది నాకెందుకు తోచలేదని చాలా రోజులు ఉడికిపోయాను.

ఈలోగా ఒక ఆసుపత్రి ఫిర్యాదు చేసింది. ముహూర్తాలు చూసి చీటీలు ఆపుతున్నారని. మా సాహెబ్ మమ్మల్నిద్దరినీ పిలిచాడు. ప్రభుత్వ కచేరీలో ఈ పంచాంగం ఏమిటని మరాఠీలో ఆమెను మందలించి, ముఖేడ్ ఉత్తర్వు మీద ఆమె పేరు రాయబోతూ ఆగి, ఇది నిజమేనా అని నన్ను అడిగాడు.

నిజమేనని ఒక్క మాట అంటే కుర్చీ నాది. అది అబద్ధం కూడా కాదు, నా చెవులతో విన్నదే. కానీ ఆమె మహిమ గల మనిషిగా, అన్యాయం జరిగిన మనిషిగా ముఖేడ్ పోతే, జిల్లా అంతటా ఆ చెయ్యికి మొక్కుతారు. అది నేను భరించలేను. గడియా లేదు, చెయ్యీ లేదు, ఫోన్ ఉందని చెప్పాను. ఆమె చేసే పని మొదటి నుంచీ చివరిదాకా వివరించాను. ఎంత బాగా వివరించానంటే, సాహెబ్ పెన్ను ఆ కాగితం మీద నా పేరు రాసింది.

బయటికి వచ్చాక ఆమె మెల్లగా అంది: "నా పని గింత మంచిగ నాకు సుత చెప్పరాదు అక్కా."

ఆఖరి రోజు వరండాలో ఇద్దరు పిల్లలు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"జూసినవా? గామె కుర్చీ గామెకే మిగిలింది. చెయ్యంటె గట్లుండాలె."

సంచి దించి, వాళ్లను ఆపి, కారణకార్యాల గురించి చెప్పాను. ఫోన్ గురించి, హాస్టల్ గడియ గురించి, ఆమెను కాపాడింది నా సాక్ష్యమే అన్న సంగతి గురించి. వాళ్లు తల ఊపుతూ ఓపికగా విన్నారు. తర్వాత ఒకమ్మాయి మర్యాదగా అడిగింది: "గట్లయితె ఆమె లోపల్నే ఉన్నదా, మేడం?"

ఉందని చెప్పాను. ఇద్దరూ లోపలికి వెళ్లి వరసలో నిలబడ్డారు.