కర్పూరం ఆర్పిన చెయ్యి

మొన్న సాయంత్రం బందరులో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఎక్కడో ఏదో రాష్ట్రంలో శాసనసభ్యుల్ని బస్సులెక్కించి హోటలుకి తరలిస్తున్న వార్త వచ్చింది. కర్టెన్లు పక్కకు లాగి, పెళ్ళివారిలా నవ్వుతూ చేతులూపుతున్నారు పెద్దమనుషులు. మా ఆయన రిమోటు అందుకుని, చానలు మార్చలేదు, టీవీ కట్టెయ్యలేదు, దాని గొంతు మాత్రం నొక్కేసి వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. క్యాంపు అన్న మాట వినబడితే చాలు, ఇన్నేళ్ళుగా ఇదే వరస. ఆయన ఎందుకు లేచి వెళ్తారో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. తెలిసీ ఏనాడూ ఓదార్చలేదు, ఎందుకంటే ఆ సిగ్గులో నాకూ వాటా ఉంది.

మాది దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉండే మత్స్యకారుల ఊరు. మా ఆయనకు ఊహ తెలియకముందే తల్లి పోతే మేనత్త పెంచింది. ఆవిడ భర్త వేటకు వెళ్ళి తిరిగి రాలేదు, పిల్లల్లేరు. నెత్తిన చేపల తట్టతో ఊరూరా తిరిగి అమ్మి ఈయన్ని పెద్దచేసింది. నాకు అత్తగారంటే ఆవిడే. మా మండలం ఆడవాళ్ళకు రిజర్వయిన ఏడు ఆవిడ మండల ప్రెసిడెంటు అయింది, ఈయన మా ఊరి తరపున సభ్యుడయ్యారు. తట్ట మోసిన మెడ కదా, కుర్చీలో కూడా నిటారుగా కూర్చునేది. సంతకం చేసే ముందు కాగితం మొత్తం చదివించుకుని, అర్థం కాకపోతే మళ్ళీ చదవమనేది. ఆఫీసువాళ్ళు విసుక్కున్నా తనకేమీ పట్టేది కాదు.

మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తాగడానికి ఒక్కటే మంచినీళ్ళ చెరువు. వేసవికి ముందు కాలవ నీళ్ళతో నింపుకుని, మళ్ళీ కాలవలొదిలేదాకా వాటినే పొదుపుగా వాడుకునేవాళ్ళం. ఆ చెరువు గట్టు పక్కనే రొయ్యల గుంటలు తవ్వాలని పై జిల్లా నుంచి ఒకాయన దిగాడు. కనబడినవాడినల్లా బావా అని భుజం తట్టేవాడు కాబట్టి మేమూ ఆయన్ని బావగారనే అనేవాళ్ళం. వింత చూడండి, ఊరూ పేరూ తెలియని మనిషి బావగారయ్యాడు, కన్నతల్లిలా పెంచిన అత్త మాత్రం అందరి నోటా ప్రెసిడెంటు గారయింది! గుంటల్లో ఉప్పునీళ్ళు నింపితే ఊట చెరువులోకి దిగుతుందని పసిపిల్లకైనా తెలుసు. పరిషత్తుకు అభ్యంతరం లేదని తీర్మానం చేసిపెట్టమని ఆయన వస్తే, అత్త చాపమీద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, "నేనా కుర్చీలో ఉండగా జరగదు బావగారూ, మజ్జిగ తాగి వెళ్ళండి" అంది.

ఉండగా జరగదంటే, లేకుండా చేస్తే సరిపోతుందనుకున్నాడు ఆయన. ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్ళాడు. అత్త కూడా వెళ్ళింది. ఎమ్మెల్యే గారు, "నాదేముందమ్మా, సభ్యులు ఎలా అంటే అలా" అన్నాడట. సభ్యుల్ని అడిగితే, మాదేముంది, పైనుంచి చెప్పారు అన్నారు. పైన ఉన్నాయన కిందకి చూపించాడు, కిందివాళ్ళు పైకి చూపించారు, మధ్యలో పగ్గాలు బావగారి చేతిలో ఉన్నాయి. అవిశ్వాసానికి రోజు పెట్టించి, అంతవరకూ సభ్యులు చెదిరిపోకుండా క్యాంపుకు బస్సు సిద్ధం చేశాడు. మా ఆయన మొదట వెళ్ళనన్నారు. ఎమ్మెల్యే గారు స్వయంగా మా గుమ్మంలోకి వచ్చి భుజం మీద చెయ్యి వేసేసరికి మెత్తబడ్డారు. వెళ్ళినా ఓటు మాత్రం అత్తకే వేస్తానని నా చెవిలో చెప్పి మరీ బస్సెక్కారు.

ఆ బావగారు మామూలు ఘటికుడా? బస్సుని ముందుగా కృష్ణ ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం తీసుకెళ్ళి, స్వామివారి ఎదుట ఒక్కొక్కరి చేతా కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించాడు. ఆ తర్వాతే గుడివాడలో సినిమా, భోజనాలు, అక్కడినుంచి రైలు. మావాళ్ళకు ఒట్టంటే ఉన్న భయం మీకు తెలియంది కాదు. ఒట్టు తప్పినవాడు వేటకెళ్తే పడవ తిరిగి రాదంటారు. మామయ్య అలా తిరిగి రాని ఇంట్లోనే పెరిగిన మనిషి మా ఆయన. చెయ్యకూడని ఒట్టు చేసినందుకు కాకుండా, చేసిన ఒట్టు తప్పుతానేమోనని భయపడ్డారు. దేవుడు మా చెరువునీళ్ళ సంగతి కూడా అడుగుతాడని ఆయనకు తోచలేదు.

ఇక నా సంగతి. సభ్యుల ఇళ్ళకు బావగారు చీరలు పంపించాడు. నెమలికంఠం రంగు, జరీ అంచు. పుట్టి బుద్ధెరిగి అంత చీర కట్టలేదు నేను. ఇంటి ఆడపడుచులకు పెట్టినట్టే ఉంది కదా అనుకుని, ఓటింగు రోజున దాన్నే కట్టుకుని మండలాఫీసు దగ్గరకు వెళ్ళాను. వెళ్ళి చూద్దును కదా, సభ్యుల భార్యలందరూ అదే రంగు చీరల్లో బ్యాండుమేళం వాళ్ళలా వరసగా నిలబడి ఉన్నారు! ఒకరినొకరు చూసుకుని తలలు దించుకున్నాం. జనం నవ్వుతున్నారు. వెనక్కి పోదామంటే తోవ లేదు, దాక్కుందామంటే చాటు లేదు.

చేతులెత్తి ఓటు వెయ్యాలి. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. అత్త తన కుర్చీలో కూర్చుని ఎవరివంకా చూడకుండా మా ఆయన వంకే చూస్తోంది. అందరి చేతులూ లేచాయి. ఈయన కుడిచెయ్యి ఆఖరున లేచింది, సగం దాకా లేచి ఆగి, మళ్ళీ లేచింది. అత్త లేచి కుర్చీని బల్ల కిందికి తోసి బయటికొచ్చి, నా ముందు ఆగి, కొంగు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "నీకు నప్పిందే పిల్లా" అంది. తిట్టినా, నాలుగు తగిలించినా బాగుండేది. ఆ చీర మళ్ళీ కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు, పారెయ్యనూ లేదు, ఇప్పటికీ పెట్టె అడుగున ఉంది.

కొత్త ప్రెసిడెంటమ్మ తీర్మానం చేసింది, గుంటలు తవ్వారు. చూస్తుండగానే చెరువు నీళ్ళు ఉప్పుదేలాయి. ముందు పప్పు ఉడకడం మానేసింది, తర్వాత పిల్లలు నోట పెట్టుకోవడం మానేశారు. బావగారు నాలుగు పంటలు చేసుకుని, గుంటల్లో తెగులు రాగానే మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయాడు. ఉప్పు మాత్రం పోలేదు. మేం నీళ్ళ డబ్బాలు కొనుక్కునే రోజులొచ్చాయి. పిల్లల చదువులని చెప్పుకుని మేం బందరు వచ్చేశాం. నిజం చెప్పొద్దూ, ఆ గట్టు మీద నడవలేకే వచ్చాం. అత్త రాలేదు. మేం వెళ్ళినప్పుడల్లా వండి పెట్టేది, ఆ సంగతి మాత్రం ఏనాడూ ఎత్తలేదు.

ఆవిడ చివరి రోజుల్లో చూపు మందగించింది, మాట తడబడేది. గొంతు తడపడానికి కన్నకొడుకు లేడు కాబట్టి ఆ బాధ్యత మేనల్లుడిదే. డబ్బా నీళ్ళు గ్లాసులో వంచి, చెంచాతో నోట్లో పోశారు మా ఆయన. మెల్లగా మింగింది. ముఖం విప్పారింది. "తియ్యగా ఉన్నాయిరా, మన చెరువువేనా?" అంది. ఎత్తిపొడిచిందో, నిజంగానే మరిచిపోయిందో నాకు ఈనాటికీ తెలియదు. ఈయన ఆవిడ గడ్డం మీదికి కారిన నీళ్ళు తుడిచారు. "అవునత్తా, మనవే" అన్నారు. అత్త ఇంకో చెంచా అడిగి తాగింది.

అప్పట్లో మా ప్రెసిడెంట్లూ, సభ్యులూ, ఎమ్మెల్యేలూ మహాత్ములని చెప్పను. చెప్పడానికి నాకు మొహం లేదు. కాకపోతే క్యాంపు నుంచి వచ్చినవాడు కొన్నాళ్ళు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని తిరిగేవాడు, టీకొట్టు దగ్గర నిలబడేవాడు కాదు. ఇప్పుడు కర్టెన్లు తీసి మరీ చేతులూపుతున్నారు, చూసేవాళ్ళు ఫోనుల్లో ఫోటోలు తీసుకుంటున్నారు. సిగ్గు అనేది కూడా ఒక కాపలాయేనండీ, అది ఉన్నంతకాలం తెలియలేదు.

మొన్న వార్తలయ్యాక నేనే లేచి గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. అందుకోవడానికి ఈయన కుడిచెయ్యి ముందుకొచ్చి, సగంలో ఆగింది. తర్వాత ఎడంచేత్తో తీసుకుని, కళ్ళు మూసుకుని తాగారు.