గంగులప్ప మందలో నలభై రెండు మేకలు

ఆ రోజు పేపర్లో మూడో పేజీలో ఒక వార్త పడింది. మందను ఫోనుతో ఫోటో తీస్తే చాలు, గొర్రెలెన్నో మేకలెన్నో కన్ను మూసి తెరిచేలోగా చెప్పేసే యాప్ వచ్చిందట. సాంకేతిక చరిత్రలో ఇదొక మైలురాయట. కృత్రిమ మేధ లక్షలాది ఫోటోలు చూసి తనంతట తానే నేర్చుకుందట. మదనపల్లెలో బెంగళూరు రోడ్డు పక్కన, టైర్ల కొట్టు మీది అంతస్తులో ఉన్న ఆఫీసులో, సూపర్‌వైజరు దామోదర్ ఆ వార్తను పైకి చదివి, ఇది మన ప్రాజెక్టేనని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. మునీశ్వరి చేతులు కదల్లేదు. ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

తనంతట తానే నేర్చుకుందా? మరి ఈ హాల్లో ముప్పై ఎనిమిది మంది అమ్మాయిలు రెండేళ్లుగా ఏం చేస్తున్నట్టు? తెర మీద ఫోటో వస్తుంది. అందులో ఒక్కో జీవం చుట్టూ గీత గీసి, ఇది గొర్రె, ఇది మేక అని బటన్ నొక్కాలి. రోజుకు ఏడెనిమిది వందల ఫోటోలు. కళ్లు మండుతాయి, మెడ పట్టేస్తుంది. వీళ్లు నొక్కిందాన్ని చూసే యంత్రం నేర్చుకుంటుంది. బళ్లో అక్షరాలు దిద్దించిన పంతులు పేరు పిల్లలకైనా గుర్తుంటుంది. ఈ పంతులమ్మల పేర్లు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

పేరు లేదన్న కోపం ఒక్కటే అయితే ఆమె దిగమింగేదే. ఆ యంత్రం ఏం నేర్చుకుందో ఆమెకు బాగా తెలుసు.

మునీశ్వరిది కురబలకోట దగ్గర ఒక పల్లె. నాన్న గంగులప్పకు నలభై రెండు గొర్రెలు. నడక రాకముందే ఆమె మంద మధ్య పాకింది. డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరింది ఆ ఇంట్లో ఆమే మొదలు. ఈ ప్రాజెక్టు వచ్చినప్పుడు, గొర్రెల్ని గుర్తుపడితే జీతమిచ్చేవాళ్లు కూడా ఉన్నారా అని తెగ సంబరపడింది.

మొదటి వారమే తెర నిండా తప్పని చెప్పే ఎర్ర గుర్తులు. యాప్ చేయిస్తున్న కంపెనీ పంపిన కాగితంలో ఒంటిమీద ఉన్ని ఉంటే గొర్రె, లేకపోతే మేక అని రాసి ఉంది. ఏ చలిదేశంలో కూర్చుని రాశాడో ఆ మహానుభావుడు! ఈ వైపు గొర్రెల్లో చాలావాటికి ఉన్ని ఉండదు. మేకకు మల్లే పొట్టి వెంట్రుకలు, పొడుగు కాళ్లు. మునీశ్వరి తోక చూసి చెప్పేది. మేక తోక పైకి లేచి ఉంటుంది, గొర్రె తోక కిందికి వేలాడుతుంది. ఎండ ముదిరితే గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని నిలబడతాయి. మేకలు చచ్చినా ఆ పని చేయవు. ఇవన్నీ నాన్న చెప్పిన గుర్తులు.

ఆ గుర్తుల్ని నమ్ముకుంటే, అంతకుముందు ప్రాజెక్టులో తొంభై ఎనిమిది ఉన్న ఆమె మార్కులు డెబ్బై ఒకటికి పడ్డాయి. దామోదర్ దగ్గరికెళ్లి ఓపికగా వివరించింది. అతను చెడ్డవాడేం కాదు, విని, కంపెనీకి మెయిలు కూడా పెట్టాడు. కాగితంలో ఉన్నట్టు చేయండి అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

"క్లయింటు ఏది గొర్రె అంటే అదే గొర్రె, మునీశ్వరీ. శుక్రవారంలోపు మార్కులు పెరక్కపోతే నేనేం చేయలేను," అన్నాడు దామోదర్.

గురువారం ఆమె లొంగిపోయింది. అప్పట్నించి ఉన్ని లేని ప్రతి గొర్రెనూ మేక అని నొక్కింది. అలవాటయ్యాక చెయ్యి దానంతటదే నొక్కేది. నాలుగు నెలల్లో హాల్లో అందరికన్నా ముందుకొచ్చింది. ఆఫీసువాళ్లు ఆమె పేరు అచ్చేసిన తెల్ల కప్పు బహుమతిగా ఇచ్చారు. గంగులప్ప రోజూ ఆ కప్పులోనే టీ తాగుతాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ దాన్ని చూపిస్తాడు.

పేపర్లో వార్త పడిన పది రోజులకు, ఒక బుధవారం, వానలు మొదలయ్యేలోగా గొర్రెలకు నీలి నాలుక రోగం రాకుండా సూదులు వేయడానికి ఒక సేవా సంస్థ ఊళ్లోకి వచ్చింది. మునీశ్వరికి ఆ రోజు వారపు సెలవు. రెండేళ్ల కిందట ఆ రోగమే మూతులు వాచేలా చేసి గంగులప్ప మందలో పదకొండు గొర్రెల్ని పొట్టన పెట్టుకుంది. అందుకే అతను తెల్లవారకముందే మందను దొడ్డిలో నిలిపి కాచుకున్నాడు. మందున్న ఐసు పెట్టె పట్టుకుని ఆ సంస్థ తరఫున సుధాకర్ అనే మనిషి వచ్చాడు. ముందు యాప్‌తో ఫోటో తీయాలి, అది ఎన్ని గొర్రెలంటే అన్నింటికే మందు, కొత్త పద్ధతి ఇదీ అని చెప్పి ఫోను ఎత్తాడు.

గొర్రెలు సున్నా, మేకలు నలభై రెండు.

అటు పక్క నుంచి ఇంకోసారి తీశాడు. అదే లెక్క. గంగులప్ప ముందు పడీపడీ నవ్వాడు. సుధాకర్ పెట్టె మూత వేస్తుంటే ఆ నవ్వు ఆగిపోయింది.

"నీకు కండ్లు ఉండాయి కదప్పా, నువ్వే సూడు. ఇవి మేకలా?"

"గొర్రెలే పెద్దాయనా, నాకూ కనిపిస్తాండాది. ఇది ఒప్పుకోకపోతే నేను సూది వెయ్యకూడదు. పైకి రాస్తాను, రెండు వారాలు ఓపిక పట్టు."

రెండు వారాలకు వానలు రానే వస్తాయి. గంగులప్ప చేతికర్రను నేలకేసి కొట్టాడు. "ఏ కండ్లు లేనోడు నేర్పినాడప్పా దీనికి? వాడు పుట్టినాక గొర్రె మొగం సూసినాడా?"

గడప దగ్గర నిలబడ్డ మునీశ్వరికి తన మీద తనకే అసహ్యం వేసింది. ముందుకొచ్చి అంది.

"నేనే నాయనా నేర్పింది."

"తెలీక సేసినావా?"

"తెలిసే సేసినా."

గంగులప్ప తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు ప్రాణం కుదుటపడేది. అతను దొడ్డి తలుపు తీసి, మందను పశువుల ఆసుపత్రి దారి పట్టించాడు. సాయంత్రం తిరిగొచ్చి, అక్కడ ఇరవై ఆరింటికే మందు దొరికిందని, పదహారు మిగిలిపోయాయని భార్యకు చెప్పాడు. కూతురికి చెప్పలేదు. టీ స్టీలు గ్లాసులో పోయమన్నాడు.

మర్నాడు ఆఫీసులో తెర మీద మొదటి ఫోటోలో ఎండకు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చిన మంద ఉంది. మునీశ్వరి గొర్రె అని పద్దెనిమిది సార్లు నొక్కింది. పద్దెనిమిదీ ఎర్రబడ్డాయి. రెండో ఫోటోలోనూ అంతే. మధ్యాహ్నానికి దామోదర్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. నీకేమైనా పిచ్చి పట్టిందా, ఇవన్నీ తప్పులే కదా అన్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.

"తప్పనే రాసుకోండి సార్. ఈసారి కింద నా పేరు కూడా రాయండి."